అక్క మంగళానికి లెవెల్ చూసిన రోజు

కంప్యూటర్ మా ఇంటికి వచ్చాక నాకు తెలిసిన మొదటి సంగతి, అది ఎప్పుడూ సిద్ధంగా ఉండదని. మనం స్నానం చేసి, కాఫీ తాగి, దాని ముందు కూర్చున్నాక అప్పుడు అది తన పనులు మొదలుపెడుతుంది. కొత్త అప్‌డేట్ వచ్చిందంటుంది. ఒకసారి ఆగి మళ్లీ మొదలవుతానంటుంది. మైకు కనబడడం లేదంటుంది. మైకు నా చేతిలోనే ఉంటుంది, దానికి మాత్రం కనబడదు.

ఏలూరులో నా రికార్డింగు గదిలో ఈ గొడవ లేదు. పవరుపేటలో మేడమీద పొడుగాటి గది అది. శబ్దం గోడకి తగిలి వెనక్కి రాకుండా ఏలూరు తివాచీల ముక్కలు, అంచులు పాడై అమ్ముడుపోనివి, నాలుగు గోడలకీ కొట్టించాను. ఒక స్పూల్ మిషను, క్యాసెట్ డెక్కులు, చిన్న మిక్సరు. భజన బృందాలు వచ్చేవి, హరికథలు చెప్పేవాళ్లు వచ్చేవారు, ఎన్నికలప్పుడు ఆటోలకి మైకు ప్రచారం రికార్డు చేయించుకునేవాళ్లు వచ్చేవారు. మీట నొక్కితే చక్రాలు తిరిగేవి. తిరుగుతున్నాయంటే రికార్డవుతున్నట్టు, ఆగాయంటే కానట్టు. అవతల మూల కూర్చున్న డోలక్కు ఆయనక్కూడా తెలిసేది. ఇంత తేలికైన ఏర్పాటుని ఎవరు ఎందుకు మార్చారో నాకు ఇప్పటికీ బోధపడదు.

పాడేవాళ్లు ఉన్నట్టుండి గొంతు పెంచినా ఆ మిషను గాభరా పడేది కాదు. టేపు మీద ధ్వని కాస్త మందంగా పడేది, నేను వేలితో మీట కిందకి జరిపేవాణ్ణి, అంతే. ముందుగా పాడించి చూడడం, కొలవడం ఏమీ ఉండేవి కావు. వచ్చినవాళ్లు గుండ్రంగా కూర్చుని, దీపం పెట్టుకుని, ప్రార్థనతో మొదలుపెట్టి మంగళంతో ముగించి లేచేవారు. మధ్యలో దగ్గితే దగ్గు కూడా టేపులో ఉండేది. మరీ పెద్ద దగ్గయితే బ్లేడుతో ఆ ముక్క కోసి, చివరలు అతికించి, కోసిన ముక్కని మిక్సరు అంచుకి అంటించి ఉంచేవాణ్ణి, మళ్లీ కావాలంటారేమోనని.

క్యాసెట్లు కొనేవాళ్లు పోయాక గది ఖాళీ చేశాను. మా ఆవిడ పని చేసే బడి తాడేపల్లిగూడెంలో కాబట్టి అక్కడికే వచ్చేశాం. ఊరికే కూర్చోలేక కొన్నాళ్లు కరెంటు సామాను కొట్లో కూర్చున్నాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఇది చూసి, నాన్నగారూ, ఇప్పుడు పాటలన్నీ ఇళ్లలోనే చేసుకుంటున్నారు, మీకు తెలిసిన పనే కదా అని, సెలవులకి వచ్చినప్పుడు మధ్య గదిలో కంప్యూటర్ పెట్టింది. దానికో చిన్న ఎర్ర డబ్బా తగిలించింది, మైకు వైరు అందులో గుచ్చాలట. గోడలకి నల్ల స్పాంజి పలకలు అంటించింది. ఆవకాయ జాడీలు ఆ గదిలోంచి వంటింటి అటక మీదకి వెళ్లాయి. మా ఆవిడ ఆ విషయం ఈ రోజుకీ మరిచిపోలేదు.

తెలిసిన పనే అన్న మాట ఎంత అబద్ధమో మర్నాడే తెలిసింది. టేపు మీద పాట ఎడమ నుంచి కుడికి పోయేది, ఇక్కడా అలాగే పోతుంది, పోలిక అంతటితో సరి. నేను మాట్లాడితే నా మాట కొంచెం ఆగి నా చెవుల్లో పడేది. ఎవరో వెనక నుంచుని వెక్కిరిస్తున్నట్టుండేది. అమ్మాయికి ఫోన్ చేస్తే ఏదో అంకె తగ్గించమంది. తగ్గిస్తే చిటపటమంది. పెంచితే మళ్లీ వెక్కిరింత. తల ప్రాణం తోకకి వచ్చింది. "ఏవండీ, ఏలూరులో మీరు ఇంతలా కేకలు వేసేవారు కాదు, ఆ మిషను మంచిదై ఉంటుంది" అని మా ఆవిడ వంటింట్లోంచి అనేది.

అమ్మాయి పదే పదే చెప్పిన హెచ్చరిక ఒకటుంది. తెర మీద సున్నా అని ఒక గీత ఉంటుంది, ధ్వని దాన్ని దాటిందంటే ఎర్ర లైటు వెలుగుతుంది, వెలిగిందంటే ఆ ముక్క చిరిగిపోయినట్టే, దేవుడు దిగి వచ్చినా బాగు చేయలేడు. అందుకని పాడేవాళ్ల చేత ముందు అన్నిటికంటే గట్టిగా పాడే ముక్క పాడించి, లెవెల్ చూసుకుని, ఆ తరువాతే రికార్డు మీట నొక్కాలి. ఇది నేను మంత్రంలా బట్టీ పట్టాను. పట్టకపోయినా బాగుండేది.

అప్పుడే అక్క గొంతు దగ్గర వాపు సంగతి బయటపడింది.

మా అక్క ఉండేది కలిదిండిలో. పెళ్లయి వెళ్లిన దగ్గర్నుంచీ అక్కడి ఆడవాళ్ల భజన బృందంలో ఉంది. వాళ్ల అత్తగారు పోయాక ఆ బృందానికి పెద్ద అయింది. ఆ అత్తగారి దగ్గర నేర్చుకున్న మంగళం ఒకటుంది వాళ్లకి. ప్రతి భజనా దానితోనే ముగుస్తుంది. అక్క ఒక్కతే చరణాలు అందుకుంటుంది, మిగతావాళ్లు చివర మంగళం అన్న మాట అందిస్తారు. మాటలు రాసుకోవచ్చు గానీ వరస ఎలా రాసుకుంటాం? ఆ వరస ఇంకెక్కడా వినలేదు నేను. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎన్నో బృందాలు నా గదికి వచ్చి పాడి వెళ్లాయి, వాళ్లెవరికీ రాదు. సొంత అక్కే కదా, ఎప్పుడైనా పట్టొచ్చులే అని అక్క బృందాన్ని మాత్రం నేనెప్పుడూ రికార్డు చేయలేదు. అక్క చరణం ఎత్తుకుని పైకి వెళ్లేటప్పుడు నాకు కుర్రతనంలోనూ ఒళ్లు జలదరించేది, పెద్దయ్యాకా అంతే.

థైరాయిడ్ గడ్డ అన్నారు, తీసేయాలన్నారు. గొంతు నరం దాని పక్కనే ఉంటుంది కాబట్టి మాట మారొచ్చు, పాట సంగతి చెప్పలేం అన్నారు ఏలూరు డాక్టరుగారు. అక్క ఆ మాట నాతో ఫోన్లో చాలా మామూలుగా చెప్పింది. తరువాత అంది: "నీ కొత్త మిషన్లో మా అత్తగారి మంగళం ఒకసారి పట్టి ఉంచరా. మావాళ్లు నేర్చుకుంటారు. నాతో పోకూడదు అది."

నేనే కంప్యూటర్ తీసుకుని వెళ్దామనుకున్నాను. కానీ అక్క ఇంటి చుట్టూ చేపల చెరువులు, వాటిలో ఏరియేటర్లు పొద్దస్తమానం నీళ్లు చిలుకుతూనే ఉంటాయి. ఆ మోత లేని చోటు వాళ్ల ఊళ్లో లేదు. అందుకని వాళ్లనే రమ్మన్నాను. ఆస్పత్రిలో చేరడానికి ముందు రోజు అక్క, బృందంలో ఆడవాళ్లు ఆటో మాట్లాడుకుని మా ఇంటికి వచ్చారు. తాళాలు, డోలక్కు, ఓ సంచీలో దేవుడి పటం, దీపం కుంది అన్నీ తెచ్చుకున్నారు.

ఆ గదిలో మనిషి కాలు చాపే చోటు లేదు. మోత వస్తుందని ఫ్యాను ఆపేశాను. కిటికీ మూసేశాను. ఆడవాళ్లు పైట చెంగులతో విసురుకుంటున్నారు. కొత్త పద్ధతిలో ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా తీసుకోవాలని అమ్మాయి చెప్పింది కదా అని ముందు అక్క ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టాను, తాళం తప్పకుండా ఉండడానికి అందులో టిక్కు టిక్కుమనే చప్పుడు పెట్టాను. అక్క కాసేపు విని, ఎవర్రా ఈ తాళం వేసేది, మనం ఎక్కడున్నామో చూసుకోవడం లేదు అని తీసి పక్కన పెట్టేసింది. పైగా అందుకునేవాళ్లు లేకుండా ఎవరితో పాడమంటావని అడిగింది. నిజమే కదా అనిపించింది, విసుగూ వచ్చింది. సరే, పాత పద్ధతిలోనే అందరూ కూర్చోండి, మధ్యలో ఒక మైకు పెడతాను అన్నాను.

దీపం వెలిగించారు. ప్రార్థన మొదలుపెట్టబోతుంటే నాకు అమ్మాయి మంత్రం గుర్తొచ్చింది. ఒక్క నిమిషం అక్కా, ముందు అన్నిటికంటే పైకి వెళ్లే ముక్క పాడు, లెవెల్ చూస్తాను అన్నాను. అన్నిటికంటే పైకంటే మంగళమే కదరా అంది అక్క. అదే పాడు అన్నాను. అక్క నా మొహంలోకి ఒకసారి చూసింది. ఇప్పుడే పాడమంటావా అంది. ఆఁ, అవునవును, కానియ్యి అన్నాను, కళ్లు తెర మీద పెట్టి. ఇన్నేళ్లు భజనలు రికార్డు చేసినవాణ్ణి, ఆ చూపుకి అర్థం తెలుసుకోవలసినవాణ్ణి. ఆ సమయంలో నా బుర్ర నిండా సున్నా గీత ఒక్కటే ఉంది.

అక్క తాళాలు తీసుకుని మంగళం అందుకుంది. అంత ఇరుకు గదిలో, అంత ఉక్కలో, ఆ గొంతు ఎలా పైకి వెళ్లిందో. బృందం అందించింది. మా ఆవిడ వంటింట్లోంచి హారతి పళ్లెం తెచ్చి కర్పూరం వెలిగించింది, మంగళం వినబడితే ఆ ఇంటి ఆడవాళ్లు చేసే పనే అది. తెర మీద పచ్చ గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. మూడో చరణానికి ముందు అక్క గొంతు ఇంకా పైకి వెళ్లింది, ఎర్ర లైటు వెలిగింది.

"ఆగక్కా, ఎర్ర లైటు వస్తోంది!" అని అరిచాను.

అక్క పాట ఆపింది. మంగళం మధ్యలో ఆపకూడదు కాబట్టి చేతుల్లో తాళం మాత్రం ఆపలేదు. డోలక్కు ఆపేసి అందరూ నా వైపు చూశారు. నేను ఎర్ర డబ్బా మీది బుడిపె తిప్పి, లైటు ఆరాక, ఊఁ అన్నాను. అక్క మూడో చరణం ఎత్తుకుని చివరిదాకా పాడింది. హారతి ఇచ్చారు. అందరూ కళ్లకద్దుకున్నారు. నాకూ పళ్లెం పట్టారు, నేనూ అద్దుకున్నాను. లెవెల్ బ్రహ్మాండంగా కుదిరింది. ఇప్పుడు కానివ్వండి అని రికార్డు మీట నొక్కాను.

వెనక్కి తిరిగి చూస్తే అందరూ లేచి చీరలు సర్దుకుంటున్నారు. ఒకావిడ దేవుడి పటాన్ని బట్టలో చుడుతోంది.

అదేమిటి అన్నాను. మంగళం అయిపోయింది కదరా అంది అక్క. అది ఉత్త లెవెల్ కోసం అక్కా, ఏమీ రికార్డు కాలేదు, నేనింకా మీట నొక్కలేదు అన్నాను. మరి ఆ గీతలన్నీ ఎగిరాయి కదరా అంది అక్క. ఎగిరాయి, గీతలు ఊరికే ఎగురుతాయి అన్నాను. ఏలూరు గదిలో చక్రాలు ఊరికే తిరగడం ఎవరూ ఎరగరు. ఆ మాట ఆమెకి చెబుతుంటే నాకే సిగ్గేసింది.

బతిమాలాను. మళ్లీ దీపం పెట్టుకుని, మళ్లీ ప్రార్థన దగ్గర్నుంచీ మొదలుపెట్టండి అన్నాను. కోప్పడ్డాను కూడా. మా ఆవిడ, వదినగారండీ, పోనీ ఇంకొక్కసారి అనబోయింది. అక్క నా దగ్గరికి వచ్చి, మిగతావాళ్లకి వినబడకుండా అంది: "రేపు ఆస్పత్రికి వెళ్లేదాన్నిరా. ఈ పూట నాచేత రెండు మంగళాలు పాడించకు."

వాళ్లందరినీ ఆటో ఎక్కించి వచ్చాను. గదిలో కర్పూరం పొగ ఇంకా ఉంది. కంప్యూటర్ మాత్రం ఎవరూ లేని ఆ గదిని శ్రద్ధగా రికార్డు చేస్తోంది.

ఆపరేషన్ బాగా జరిగింది. గొంతే మారిపోయింది. మాట బొంగురుగా, పక్కగదిలోంచి వస్తున్నట్టు వచ్చేది. కొన్నాళ్లకి సర్దుకుంటుందన్నారు, మాట మటుకు కొంత సర్దుకుంది. పాటకి పైకి ఎత్తబోతే గాలే వచ్చేది. అక్క ఏడవడం నేను చూడలేదు. నాకే నిద్ర పట్టేది కాదు, కంప్యూటర్ కనబడితే ఒళ్లు మండేది.

అది చేసిన పాపం దాని చేతే కడిగిద్దామనుకున్నాను. గొంతు శ్రుతిని ఎక్కడ కావాలంటే అక్కడికి జరిపే ఏర్పాటు అందులో ఉందని అమ్మాయి చెప్పింది. అక్క కాస్త కోలుకున్నాక కలిదిండి వెళ్లి, ఆ బొంగురు గొంతుతోనే, కింద స్థాయిలో మంగళం చరణాలు మెల్లగా చెప్పించుకున్నాను. ఇంటికి తెచ్చి, ఒక్కొక్క స్వరాన్నీ పట్టుకుని పైకి లాగాను. వారాల తరబడి అదే పని. స్వరాలన్నీ ఉండవలసిన చోటికే వచ్చాయి. పట్టుకెళ్లి వినిపించాను. అక్క చివరిదాకా ఓపిగ్గా విని, "ఎవర్రా ఈవిడ?" అంది.

అక్కడే ఉన్న బృందంలోని ఒకావిడ నవ్వు ఆపుకుంటూ, ఎందుకండీ తమ్ముడుగారూ ఇంత శ్రమ, ఆ రోజుది బాగానే వచ్చింది కదండీ అంది. ఆవిడ అక్క వెనక కూర్చుని అందించే మనిషి. ఏ రోజుది అన్నాను. మీ ఇంట్లో పాడిందండి అంది. పురిటికి వెళ్లిన కోడలు రాలేకపోయిందని, ఆ పిల్ల వింటుందని, ఆవిడ ఆ రోజు తన ఫోను ఒళ్లో పెట్టుకుని నొక్కేసిందట. ఆటోలో వెళ్తూ వెళ్తూ వాళ్ల బృందం ఫోన్లన్నిటికీ పంపేసిందట. అప్పట్నుంచీ రోజూ వింటూ నేర్చుకుంటున్నారట.

నాకు కోపం ఆగలేదు. ఇన్నాళ్లూ ఒక్క ముక్క నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆవిడ అమాయకంగా, మీ కంప్యూటర్లో ఇంతకంటే మంచిది ఉంటుంది కదండీ, అందుకని పంపలేదండి అంది. అక్కవైపు తిరిగాను. అక్కకీ తెలుసు. రికార్డు కాలేదన్న నీ గొడవ నీ మిషను గొడవ అనుకున్నానురా అంది.

స్పాంజి పలకలు, ఎర్ర డబ్బా, మైకు, నా తెలివి అన్నీ కలిసి పట్టలేనిదాన్ని ఒళ్లో పెట్టుకున్న ఫోను పట్టింది. ఆ ఫైలు తెచ్చుకుని విన్నాను. అక్క గొంతు ఉంది. చీర కుచ్చిళ్ల గరగర ఉంది, గాజులున్నాయి, ఎవరిదో తుమ్ము ఉంది. ఉన్నా సరే, మొదటి చరణాన్ని వెనక్కి జరిపి రెండుసార్లు విన్నాను. రెండో చరణం అయ్యాక, ఎవడో మూర్ఖుడు, ఆగక్కా, ఎర్ర లైటు వస్తోంది అని అరిచాడు.

ఇక కూర్చున్నాను. గరగర తగ్గించాను. తుమ్ము తీశాను. నా అరుపు మీద చాలా కుస్తీ పట్టాను. దాని కింద అక్క వేసే తాళం ఉంది, అరుపు తీస్తే తాళం కూడా ముక్కలైపోతోంది. చివరికి విసిగి, ఆ ఖాళీ మొత్తం కోసేసి, రెండో చరణం చివర మూడో చరణం అతికించాను. అతుకు ఎక్కడుందో నాకే తెలియనంత బాగా కుదిరింది. మొదటిసారి ఆ యంత్రం మీద కొంచెం గౌరవం కలిగింది. శుభ్రం చేసిన ఫైలు బృందానికంతటికీ పంపాను. చాలా బాగుందండీ అని అందరూ జవాబిచ్చారు.

కొన్నాళ్లకి కొల్లేటికోటలో బృందంలోని ఒకరి ఇంట్లో భజన ఉందని అక్క పిలిచింది. మా ఆవిడా నేనూ వెళ్లాం. వాకిట్లో పట్టాలు పరిచారు. అక్క ముందు వరసలోనే కూర్చుంది, గాటు కనబడకుండా పైట మెడ చుట్టూ కప్పుకుని, చేతుల్లో తాళాలతో. పాటలన్నీ అయ్యాక మంగళం వచ్చింది. ఆ ఫోను ఆవిడ చరణం ఎత్తుకుంది. అక్క గొంతంత పైకి వెళ్లదు గానీ వరస తప్పలేదు. ప్రతి మలుపూ అక్కదే. నేను తల దించుకుని వింటున్నాను.

రెండో చరణం అయింది. అందరూ ఆగిపోయారు.

ఎవరూ గొంతు కదపలేదు. డోలక్కు కూడా ఆగింది. అక్క తాళం ఒక్కటే మోగుతోంది, దూరంగా చెరువుల మీద ఏరియేటర్ల మోత. ఏదో తప్పిపోయారనుకున్నాను ముందు. తరువాత అర్థమైంది. నేను అరిచి ఆపించినంత సేపూ, సరిగ్గా అంత సేపూ ఆగి, మూడో చరణం అందుకున్నారు. నా అరుపు ఒక్కటి వదిలేసి మిగతాదంతా నేర్చేసుకున్నారు. నేను శుభ్రం చేసి పంపినదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

హారతి అయ్యీ అవగానే ఆవిడ దగ్గరికి వెళ్లి, అక్కడ ఆగడం పాటలో లేదండీ, అది నా వల్ల వచ్చిన పొరపాటు, నేను పంపిన రెండోది వినండి అని కాస్త చిరాగ్గానే చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. అక్కగారు అక్కడ ఆగి తాళం వేస్తారు కదండీ, మేం అదే పట్టుకున్నామండి అంది. అది కాదండీ అని మళ్లీ మొదలుపెట్టబోతుంటే అక్క నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"పాటంతా వాళ్లే పాడుతున్నార్రా," అంది ఆ బొంగురు గొంతుతో. "ఆ కాసేపే నేను వినబడేది. అది కూడా కోసెయ్యకు."

మర్నాడు కంప్యూటర్ తెరిస్తే అప్‌డేట్ ఉంది, ఆగమంది. ఆగాను. కోసేసిన ముక్క ఎక్కడుందోనని వెతికితే, చెప్పొద్దూ, పారేయకుండా దాచే ఉంచింది. తెచ్చి ఉన్న చోటే మళ్లీ పెట్టాను. తాళం ఒక్కటే ఉంచి నా గొంతు తీసేద్దామని ఇంకోసారి ప్రయత్నించాను. ఆ రెంటినీ విడదీయడం దానికీ చేత కాలేదు, నాకూ చేత కాలేదు. అలాగే ఉంచేశాను. అక్క మంగళం ఎవరు ఎప్పుడు విన్నా, రెండో చరణం అయ్యాక నేను అరుస్తూనే ఉంటాను, అక్క తాళం వేస్తూనే ఉంటుంది.